వెయ్యి పదాలు చదివినా వెర్బల్ 143 దగ్గరే ఎందుకు ఆగింది?

ప్రశ్న: మేడమ్, మాది నల్గొండ జిల్లాలో ఒక పల్లె. పదో తరగతి దాకా తెలుగు మీడియం. బీటెక్ ఈసీఈ చేసి రెండేళ్లుగా హైదరాబాద్‌లో టెస్టింగ్ ఉద్యోగం చేస్తున్నాను. అమెరికాలో ఎంఎస్ చేయాలని, అక్కడి ప్రవేశాలకి రాసే జీఆర్‌ఈ పరీక్షకి చదువుతున్నాను. పరీక్షకి ఇంకా పది వారాలుంది. ఫోన్‌లో యాప్ పెట్టుకుని వెయ్యి పదాల లిస్టు రెండుసార్లు పూర్తి చేశాను. అయినా మొన్న మాక్ టెస్టులో క్వాంట్ (లెక్కల భాగం) 165 వస్తే వెర్బల్ (ఇంగ్లిష్ భాగం) 143 దగ్గర ఆగిపోయింది. పదం చూస్తే ఎక్కడో చదివినట్టే ఉంటుంది, అర్థం మాత్రం గుర్తురాదు. ఒక్కోసారి అర్థం గుర్తొచ్చినా జవాబు తప్పుతుంది. నా రూమ్మేట్ 3,500 పదాల పీడీఎఫ్ పంపి, అది బట్టీ కొడితే తప్ప లాభం లేదంటోంది. తెలుగు మీడియం వాళ్లకి ఇంతేనా? నా జ్ఞాపకశక్తిలోనే లోపముందా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. – ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ముందు ఆ పీడీఎఫ్ తెరవకు. మీ రూమ్మేట్ మంచి మనసుతోనే పంపి ఉంటుంది, తిట్టకు. తెరవడం మాత్రం వద్దు.

నీ ఉత్తరంలో ఒక మాట దగ్గర ఆగాను. ‘అర్థం గుర్తొచ్చినా జవాబు తప్పుతుంది’ అన్నావు. మిగతా బాధలన్నీ అందరికీ ఉండేవే, అసలు తిరకాసు ఇక్కడే ఉంది. అర్థం తెలిసినా తప్పుతుంటే, ఇంకో 2,500 అర్థాలు నెత్తిన వేసుకుంటే బాగుపడేదేముంది?

ఈ బట్టీ సలహా ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతాను. నేను ఆ పరీక్ష రాసింది 2004లో. అప్పట్లో వెర్బల్‌లో ఒక పదం ఇచ్చి, దానికి వ్యతిరేకార్థం ఏదని నేరుగా అడిగేవారు. వాక్యం లేదు, సందర్భం లేదు. పదం తెలిస్తే మార్కు, లేకపోతే లేదు. ఒక పదాల జతకి పోలిన ఇంకో జతని పట్టుకునే అనాలజీలు కూడా ఉండేవి. అలాంటి పరీక్షకి లావుపాటి లిస్టు బట్టీ పట్టడంలో కొంత అర్థముంది. 2011 ఆగస్టులో పరీక్షను మార్చినప్పుడు ఆ రెండు రకాల ప్రశ్నలూ తీసేశారు. పరీక్ష మారింది గానీ హాస్టల్ గదుల్లో సలహా మారలేదు. సీనియర్ నుంచి జూనియర్‌కి, అక్కడి నుంచి నీ వాట్సాప్‌కి అలాగే వచ్చి పడింది.

నేనూ ఆ బాపతే. ‘ఏ’ అక్షరంతో మొదలుపెట్టి గోడ నిండా చీటీలు అంటించాను. అబేస్, అబాష్, అబేట్ – మూడూ ఒకే రోజు నేర్చుకున్నాను. ఏది అవమానించడమో, ఏది సిగ్గుపడేలా చేయడమో, ఏది తగ్గడమో ఈ రోజుకీ ఒక్క క్షణం ఆలోచించాలి. ఒకేలా కనిపించే, ఒకేలా వినిపించే మాటల్ని పక్కపక్కన పెట్టి నేర్చుకుంటే అవి ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. అక్షరక్రమంలో చదవడమంటే ఆ పని ఏరికోరి చేయడమే. అదీ కాక నా చదువు ‘డి’ దాకా వచ్చేసరికి పరీక్ష వచ్చేసింది. పరీక్షలో మాత్రం ‘ఎస్’తో, ‘టి’తో మొదలయ్యే మాటలు కుప్పలుగా వచ్చాయి. స్కోరు నీకు చెప్పను.

ఇక ఇప్పటి పరీక్ష. 2023 సెప్టెంబరు నుంచి దాన్ని కుదించారు, మొత్తం 1 గంట 58 నిమిషాలు. వెర్బల్ రెండు సెక్షన్లు. మొదటిది 18 నిమిషాల్లో 12 ప్రశ్నలు, రెండోది 23 నిమిషాల్లో 15. అంటే 27 ప్రశ్నలు, 41 నిమిషాలు. ఇందులో దాదాపు సగం, పాసేజీ చదివి జవాబు చెప్పే రీడింగ్ కాంప్రహెన్షన్. మిగతా సగం ఖాళీలు పూరించే టెక్స్ట్ కంప్లీషన్, వాక్యానికి ఒకే అర్థమిచ్చే రెండు పదాల్ని ఆరింట్లోంచి ఎంచుకునే సెంటెన్స్ ఈక్వివలెన్స్. మీ రూమ్మేట్ చెప్పిన 3,500 పదాల శ్రమ అంతా నేరుగా పనికొచ్చేది పదమూడు, పద్నాలుగు ప్రశ్నలకి. అవి కూడా ‘ఈ పదానికి అర్థమేమిటి’ అని అడగవు. ‘ఈ వాక్యానికి ఏ పదం కావాలి’ అని అడుగుతాయి.

ఒకటి చూద్దాం. పరీక్షలో వాక్యం ఇంగ్లిష్‌లో ఉంటుంది, నేను తెలుగులో రాస్తున్నాను: ‘సభల్లో గంటల తరబడి మాట్లాడే ఆ శాస్త్రవేత్త, తన బాల్యం ప్రస్తావన వచ్చినప్పుడు మాత్రం ______గా ఉండిపోయేవాడు.’ ఇచ్చిన పదాలు గారులస్, రెటిసెంట్, ఎరుడైట్, ఫ్రూగల్, కాండిడ్. చాలామంది ఎరుడైట్ దగ్గర పడతారు. శాస్త్రవేత్త కదా, పండితుడు కదా! ఎరుడైట్‌కి అర్థం తెలిసినందువల్లే పడతారు. ఈ వాక్యంలో తాళంచెవి ‘మాత్రం’ అన్న చిన్న మాట. మొదటి సగంలో మనిషి బాగా మాట్లాడతాడు, ‘మాత్రం’ దగ్గర వాక్యం మలుపు తిరిగింది, కాబట్టి రెండో సగంలో నోరు విప్పకూడదు. గారులస్ అంటే వదరుబోతు, మొదటి సగాన్నే మళ్లీ చెబుతుంది. కాండిడ్ అంటే దాపరికం లేకుండా మాట్లాడేవాడు, అది ఎదురు దిక్కు. ఫ్రూగల్‌కి ఈ వాక్యంతో సంబంధమే లేదు. మిగిలింది రెటిసెంట్.

అందుకే ఇప్పటినుంచి ఒక అలవాటు చేసుకో. ఆప్షన్లు చేత్తో మూసేసి, ఖాళీలో నీ సొంత తెలుగు మాట ఒకటి పెట్టు. ‘గుంభన’ అనిపిస్తే అదే రాసుకో. తర్వాత చెయ్యి తీసి, గుంభనకి దగ్గరగా ఏదుందో వెతుకు. మొదట్లో నెమ్మదిగా అనిపిస్తుంది. రెండు వారాలకి చేతికి అలవాటవుతుంది.

గుంభన అన్నాను కదా, అక్కడే నీ తెలుగు మీడియం ప్రశ్నకి జవాబుంది. నీ యాప్‌లో లకోనిక్, టాసిటర్న్, రెటిసెంట్ – మూడింటికీ ‘తక్కువగా మాట్లాడే’ అన్నట్టే అర్థం కనిపించి ఉంటుంది. నువ్వు మూడూ ఒకటే అనుకుని ఉంటావు. నీ ఊళ్లో మనుషుల్ని తలుచుకో. ‘ఆ, సరే, చూద్దాం’ అని మూడు ముక్కల్లో తేల్చేసే పెద్దమనిషి ఉంటాడు. మాట ఉంది, ముక్తసరిగా ఉంది. ఆయన లకోనిక్. పలకరిస్తే తప్ప పలకని, స్వభావమే ముభావమైన మేనత్త టాసిటర్న్. అందరితో బాగానే మాట్లాడుతూ సొంత విషయాల దగ్గరికొచ్చేసరికి గుంభనగా ఉండే మనిషి రెటిసెంట్. ముక్తసరి, ముభావం, గుంభన. ఈ మూడింటి మధ్య తేడా నీకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. కాన్వెంట్‌లో చదివిన నీ స్నేహితులు కొందరికి ఇంగ్లిష్‌లో తేడా తెలియదు, తెలుగులోనూ ఆ మాటలు లేవు. నీకు కనీసం ఒక ఒడ్డు ఉంది.

లకోనిక్‌కి ఒక కథ కూడా ఉంది, చెప్పకుండా ఉండలేను. ప్రాచీన గ్రీసులో స్పార్టా ఉన్న ప్రాంతం పేరు లకోనియా. మాసిడోనియా రాజు ఫిలిప్ ‘నేను మీ దేశంలోకి వస్తే నేలమట్టం చేస్తా’ అని కబురంపాడట. స్పార్టా వాళ్లు పంపిన జవాబు ఒక్కటే మాట: ‘వస్తే.’ ఇక ఆ పదం మర్చిపో చూద్దాం.

ఒక పదానికి ఒక తెలుగు పదం రాసుకుని వదిలేస్తే మాత్రం తెలుగే అడ్డుపడుతుంది. ఎక్సాసర్బేట్ పక్కన ‘తీవ్రతరం చేయు’ అని ఉంటే అది ఎవరు మాట్లాడే తెలుగు? ‘పుండు మీద కారం చల్లడం’ అని రాసుకో. మిటిగేట్ పక్కన ‘నొప్పి పోలేదు, తగ్గింది’ అని రాయి. ఎరాడికేట్ అంటే మొత్తంగా పోయింది, వేళ్లతో సహా పీకేశారు. మిటిగేట్, అలీవియేట్, అస్వేజ్ మూడింటినీ ఒక ఇంటివాళ్లుగా, ఎక్సాసర్బేట్‌ని ఎదురింటివాడిగా గుర్తుపెట్టుకో. ఇది ఇందాకటి అబేస్, అబాష్ లాంటి తికమక కాదు. అక్కడ పోలిక అక్షరాల్లో, ఇక్కడ అర్థంలో. కాకపోతే ఒక ఇంటివాళ్లందర్నీ ఒకే రోజు పిలవకు. ఒకరితో పరిచయం గట్టిపడ్డాక రెండోవాళ్లని తీసుకురా.

ఈ ఇళ్ల లెక్క సెంటెన్స్ ఈక్వివలెన్స్‌లో బాగా పనికొస్తుంది. అక్కడ మరో మెలిక ఉంది, మెప్పు, తిట్టు. ‘జీతం బాగా పెరిగినా ఆమె పాత స్కూటర్ మీదే తిరిగేది, అంత ______గా బతకడం చూసి స్నేహితులు ముచ్చటపడేవారు.’ ఆరు పదాల్లో ఫ్రూగల్, థ్రిఫ్టీ ఒక జత. పార్సిమోనియస్, మైజర్లీ ఇంకో జత. మిగతా రెండూ ఊరికే నింపినవి. రెండు జతలకీ ‘డబ్బు ఖర్చుపెట్టని’ అనే అర్థం రాసుకున్నావనుకో, మునిగావు. మొదటి జత పొదుపరి, రెండోది ఎంగిలి చేత్తో కాకిని తోలని బాపతు. ‘ముచ్చటపడేవారు’ అన్న మాట మెప్పు వైపు తోస్తోంది, కాబట్టి మొదటి జత. పదాలు రాసుకునే కార్డు మీద ప్రతి విశేషణం పక్కనా ఒక ప్లస్సో మైనస్సో వేసుకో. రెండూ కాకపోతే సున్నా చుట్టు. రెండు పదాల్లో ఒకటే సరైతే అర మార్కు ఇవ్వరు, మొత్తం పోతుంది. రెండు మూడు ఖాళీలుండే టెక్స్ట్ కంప్లీషన్‌లోనూ అంతే.

నువ్వు అడగకపోయినా ఇంకో మాట. తెలియని పదాల కంటే తెలిసిన పదాలే ఎక్కువ ముంచుతాయి. లోన్ శాంక్షన్ అయిందంటాం, అంటే మంజూరు. అదే పేపర్లో ఏదో దేశం మీద అమెరికా శాంక్షన్స్ అని వస్తుంది, అంటే ఆంక్షలు. ఒకే పదానికి రెండు ఎదురెదురు అర్థాలు. ‘ధరలకు చెక్’ అని మన పత్రికలు రాస్తాయి. పరీక్షలో చెక్ ఎక్కువగా ఆ అర్థంలోనే వస్తుంది, అడ్డుకట్ట. బ్యాంకు చెక్కు కాదు. క్వాలిఫై అంటే మనకి పాసవడం. అక్కడ ‘బాగుంది, కానీ...’ అని షరతు తగిలించడం. పెడెస్ట్రియన్ అంటే రోడ్డు దాటే పాదచారి అనుకుంటాం. పుస్తకం గురించి అలా అంటే చప్పగా, కొత్తదనం లేకుండా ఉందని. ఇక మన పెళ్లి ప్రకటనల్లో ‘హోమ్లీ’ అని గొప్పగా వేస్తారు చూడు, అమెరికాలో ఆ మాట అంటే అమ్మాయి అందంగా లేదని! నువ్వు అక్కడికి వెళ్లాక ఎవరినీ అలా మెచ్చుకోకు. ఇలాంటివి ఓ యాభై దాకా ఉంటాయి. వాటికి విడిగా నాలుగు పేజీలు కేటాయించు. నీ మాక్ టెస్టులో తప్పిన ప్రశ్నల్లో ఇవెన్ని ఉన్నాయో వెనక్కి వెళ్లి లెక్కపెట్టు.

పదాన్ని ముక్కలు చేసి అర్థం పట్టుకునే మూలధాతువుల పద్ధతి గురించి కూడా ఎవరో ఒకరు చెబుతారు. కొంతవరకు మంచిదే, తెలుగువాళ్లకి ఇంకా సులువు. అజ్ఞాతంలో ‘అ’ ఏం చేస్తుందో అగ్నాస్టిక్‌లో (దేవుడున్నాడో లేడో తెలియదనేవాడు) ‘అ’ అదే చేస్తుంది. ఆ రెండు మాటలూ దూరపు చుట్టాలు కూడా, సంస్కృతం, గ్రీకు ఒకే కుదురు నుంచి వచ్చినవి కాబట్టి. అనామకం, అనానిమస్ కూడా అలాగే. దుర్దశలో ‘దుర్’ లాంటిదే డిస్టోపియాలో ‘డిస్’. కానీ దీన్ని నమ్మి ఊహించడం మొదలుపెడితే ఎనర్వేట్ చూసి ఎనర్జీ అనుకుంటావు, అది నీరసపరచడం. నాయిసమ్‌లో శబ్దం లేదు, కంపు ఉంది. రెస్టివ్ మనిషికి రెస్టే ఉండదు, అసహనంతో కదులుతూ ఉంటాడు. కాబట్టి ధాతువుని నేర్చుకున్న పదం గుర్తుండటానికి వాడు, తెలియని పదాన్ని ఊహించడానికి చివరి దిక్కుగా మాత్రమే వాడు.

జ్ఞాపకశక్తి సంగతి. నీకేం లోపం లేదమ్మా. హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ పండితుడు అర్థంలేని అక్షరాల గుంపుల్ని తానే బట్టీ పట్టి, ఎంతసేపటికి ఎంత మర్చిపోతున్నాడో తన మీదే పరీక్షించుకుని 1885లో పుస్తకం వేశాడు. మరపు మొదట్లోనే వేగంగా ఉంటుందని, తర్వాత నెమ్మదిస్తుందని తేల్చాడు. నువ్వు యాప్‌లో చేసింది కూడా దాదాపు అదే, అర్థంలేని అక్షరాలు బట్టీ పట్టడం. మరిచిపోకపోతేనే ఆశ్చర్యపోవాలి.

ఈ ఆదివారం కూర్చుని ఆ వెయ్యి పదాల్నీ మూడు కుప్పలు చెయ్యి. పెళ్లికి వెళ్లినప్పుడు మూడు రకాల మనుషులు కనిపిస్తారు చూడు. పేరు పెట్టి పిలవగలిగే వాళ్లు, ముఖపరిచయం ఉండి పేరు గుర్తురాని వాళ్లు, బొత్తిగా ఎవరో తెలియని వాళ్లు. మొదటి కుప్పలో పడాలంటే ఆ పదంతో నువ్వొక వాక్యం చెప్పగలగాలి. అర్థం తెలిస్తే చాలదు. ఈ నియమం పెడితే మొదటి కుప్ప నువ్వనుకున్నదానికంటే చిన్నదవుతుంది, కంగారుపడకు. నీ పని రెండో కుప్పతోనే. నువ్వు రెండుసార్లు చదివావు కాబట్టి అది పెద్దగా ఉంటుంది. ఆ కష్టం వృథా పోలేదన్నమాట, ముఖాలైతే తెలుసు కదా.

రోజుకి పది పదాలు, వారానికి ఆరు రోజులు, ఎనిమిది వారాలు. 480 అవుతాయి. చివరి రెండు వారాలు కొత్త పదం ఒక్కటి కూడా వద్దు. కార్డులు నీ చేత్తో రాయి, యాప్‌లో ఎవరో రాసినవి వద్దు. ముందువైపు ఆ పదం ఉండాల్సిన చోట ఖాళీతో ఇంగ్లిష్ వాక్యం, నువ్వు చదివిన దానిలోదైతే మరీ మంచిది. వెనకవైపు పదం, ప్లస్సో మైనస్సో, నీ ఊరి తెలుగులో ఒక ముక్క. అంతే. డిక్షనరీలో ఉన్న నాలుగు అర్థాలూ ఎక్కించకు.

ఆ కార్డుల్ని తిప్పడానికి సెబాస్టియన్ లైట్నర్ అనే ఆయన 1970లలో ప్రచారం చేసిన డబ్బాల పద్ధతి ఉంది. మనకి వైకుంఠపాళి ఆడినంత తేలిక. మొదటి డబ్బా రోజూ, రెండోది మూడు రోజులకోసారి, మూడోది వారానికోసారి చూడాలి. జవాబు వస్తే కార్డు పై డబ్బాకి ఎక్కుతుంది. తప్పితే పాము మింగినట్టే, ఎక్కడున్నా మళ్లీ మొదటి డబ్బాకి. చెప్పుల డబ్బాలు మూడు చాలు. ఆఫీసుకి మెట్రోలో వెళ్తావేమో, ఆ రోజు మొదటి డబ్బా కార్డులకి రబ్బరు బ్యాండ్ వేసి సంచిలో పడేసుకో.

దీంతోపాటు రోజూ ఇరవై నిమిషాలు చదవడం. నీకు ఇష్టమైన సినిమా వార్తలు కాదు, కాస్త కొరుకుడుపడనివి. ఇంగ్లిష్ పేపర్లో ఒక సంపాదకీయం, మర్నాడు సైన్స్ మీదో చరిత్ర మీదో ఒక పెద్ద వ్యాసం. పరీక్షలో వచ్చే పాసేజీలు అలాంటివే ఉంటాయి. చదువుతూ మలుపు మాటల కింద గీత గియ్యి: ఆల్దో, డెస్పైట్, నాన్‌దిలెస్, హార్డ్‌లీ, ఫార్ ఫ్రమ్. ‘ఎనీథింగ్ బట్’ దగ్గర నా స్టూడెంట్లు వరసగా పడ్డారు. ఒక నవల ‘ఎనీథింగ్ బట్ పెడెస్ట్రియన్’ అంటే ఏ కోశానా చప్పగా లేదని, బాగుందని. మెరుపులాంటి పదం కోసం వెతికే కన్ను ఈ చిన్న మాటల్ని దాటేస్తుంది.

పరీక్ష నిర్వహించే ఈటీఎస్ వాళ్లే పవర్‌ప్రెప్ పేరుతో రెండు పూర్తి టెస్టులు ఉచితంగా ఇస్తారు. ఒకటి ఐదో వారంలో, రెండోది పరీక్షకి రెండు వారాల ముందు రాయి. ముందే రెండూ ఖర్చు పెట్టేయకు. తప్పులకి నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఏదీ ఖాళీగా వదలొద్దు. సెక్షన్‌లో వెనక్కి వెళ్లి జవాబు మార్చుకునే వీలుంది. మొదటి సెక్షన్ ఎలా రాశావన్నదాన్ని బట్టి రెండో సెక్షన్ కష్టమో తేలికో వస్తుంది, కాబట్టి మొదటి 18 నిమిషాల్లో నిద్రమత్తు పనికిరాదు. ఖాళీల ప్రశ్న ఒక్కోటి నిమిషంలోపు తేల్చగలిగితే మిగిలిన సమయం పాసేజీలకి దొరుకుతుంది.

పది వారాల్లో 160 తెచ్చిపెడతానని నేను చెప్పను. ఉద్యోగం చేస్తూ ఈ పద్ధతిలో చదివితే 150 దాటడం కష్టం కాదనిపిస్తోంది, 153 వచ్చినా ఆశ్చర్యపోను. ఇంజినీరింగ్ డిపార్ట్‌మెంట్లు ఎటూ ముందు చూసేది క్వాంట్. అక్కడ నువ్వు బాగానే ఉన్నావు. 2020 కరోనా తర్వాత చాలా డిపార్ట్‌మెంట్లు జీఆర్‌ఈని ఐచ్ఛికం చేశాయి, కొన్ని అడగడమే మానేశాయి. నువ్వు అప్లై చేయాలనుకుంటున్న ప్రతి యూనివర్సిటీలో నీ డిపార్ట్‌మెంట్ పేజీ తెరిచి ఈ ఏడాది ఏమంటున్నారో చూడు. కన్సల్టెన్సీ వాళ్లు చెప్పారని ఆగిపోకు. లిస్టులో సగం స్కోరు అడగనివే అని తేలితే ఈ రాత్రి నిద్ర దానంతటదే పడుతుంది. ఒకసారి వచ్చిన స్కోరు ఐదేళ్లు చెల్లుతుంది, ఇప్పుడే అంతా అయిపోవాలని కూడా లేదు.

మొదటి పది కార్డులు రాశాక ఫొటో తీసి పంపు, తప్పులుంటే దిద్దుతాను. టాసిటర్న్ కార్డు వెనక ఏ మేనత్త పేరు రాశావో కూడా చూడాలని ఉంది.